వాలుగీత తర్వాతి ఖాళీ

"పది గంటల పదకొండు నిమిషాలకి నువ్వెక్కడున్నావు?"

ఈ ప్రశ్న అడగడం నాలుగోసారి. అడిగింది ఇన్‌స్పెక్టరు గారు. ఆయన పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయింది. ఈ లిఫ్టుల కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరుగా చేరి ఐదేళ్లయింది. అయినా ఇన్‌స్పెక్టరు గారనే పిలవాలి. లేకపోతే పలకరు.

"మీటింగులో ఉన్నానండీ," అంది ప్రోగ్రామరు నాలుగోసారి.

కిటికీ దగ్గర నిలబడి వింటున్న డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. పదీ నలభై ఐదు.

ఆమెను నిన్న సాయంత్రం కంపెనీ యజమానురాలు పిలిపించింది. డిటెక్టివ్ నలభై ఏడేళ్ల మనిషి. కాగితమైనా, కంప్యూటరు తెరయినా చూపుడువేలు అక్షరాల కింద నడిపిస్తూ చదువుతుంది. అందుకని వెనకాల అందరూ ఆమెను 'చూపుడువేలు' అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. విని నవ్వుకుంటుంది.

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలే. మొన్న ఉదయం పదీ యాభై రెండుకి, ఆఫీసు వెనకున్న పరీక్షల టవర్లో, తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి లేచింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట వేసి ఉన్న మెకానిక్కు కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. తలుపు తెరిచి ఉంటే మోటారు ఆపమని చెప్పే లైను ప్రోగ్రాములో ఒకటుంది. రెండువందల పద్నాలుగో లైను. అది పనిచేయలేదు. ఆ ఫైలు ఆఖరిసారి మారింది పదీ పదకొండుకి, ఈ ప్రోగ్రామరు కంప్యూటరు మీద, ఈమె పేరుతో. పదీ ముప్ఫై ఒకటికి ఆ ఫైలు టవరుకి వెళ్లింది.

"రెండు వంకర గీతలమ్మా! అంతే కదా నువ్వు పెట్టింది?" ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెన్నుతో కొట్టాడు. "లైను ముందు రెండు గీతలు పెడితే యంత్రం దాన్ని చదవదు. మాకూ తెలుసులే. మీటింగు మధ్యలో లేచొచ్చి పదీ పదకొండుకి పెట్టావు. మనిషి పడ్డాక తీసేశావు. ఆ మెకానిక్కు నీ పనిని రెండుసార్లు వెనక్కి తిప్పికొట్టాడు. నీకు కడుపుమంట."

"గీతలు తర్వాత తీసేస్తే, ఫైలు ఆఖరిసారి మారిన టైము పదీ యాభై రెండు దాటాకే ఉండాలి కదండీ?" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూశాడు. "గడియారం వెనక్కి తిప్పి ఉంటుంది. వీళ్లకదో లెక్కా?"

"తిప్పిన ఆనవాలు దొరికిందా?"

"దొరక్కుండా తిప్పి ఉంటుంది."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో వాదన దండగ. డిటెక్టివ్ కుర్చీ లాక్కుని ప్రోగ్రామరు ఎదురుగా కూర్చుంది.

"మీటింగు ఎన్నింటికమ్మా?"

"పదీ ఐదు నుంచి పదీ పాతిక దాకానండీ. మేనేజరు గారు పిలిచారు. ఐదుగురం."

"అందరూ టైముకి వచ్చారా?"

"సార్ ఒక్కరే ఆలస్యం. ఫోనొచ్చిందన్నారు. పదింపావు అయ్యుంటుంది వచ్చేసరికి."

"కంప్యూటరుకి తాళం వేసి వెళ్లావా?"

"లేదండీ. తొందరగా రమ్మంటే అలాగే లేచి వెళ్లిపోయాను."

"తిరిగొచ్చాక?"

"టవరుకి పంపే ముందు ఆ లైను చూసుకున్నాను. ఎప్పుడూ చూస్తాను. నీలంగానే ఉంది మేడమ్, అంటే పనిచేస్తున్నట్టే. మా పాప మీద ఒట్టు."

"ఒట్లు కోర్టులో చెల్లవు," అన్నాడు ఇన్‌స్పెక్టరు లేస్తూ. "మేడమ్, పన్నెండున్నరకి పోలీసులొస్తారు. అప్పగించేసి నేను భోజనానికి వెళ్తాను. మీరు చూసేదేమైనా ఉంటే ఈలోపల చూసుకోండి. ఇప్పుడా ఫైల్లో తప్పేం లేదు. పన్నెండింటికల్లా ఆసుపత్రి కొత్త లిఫ్టులు ఆరింటిలోకీ ఎక్కించేస్తున్నారు కూడా. మేనేజరు గారే స్వయంగా పట్టుకెళ్లారు."

డిటెక్టివ్ చెయ్యి ఆగిపోయింది. "అదే ఫైలా? పరీక్ష చేశారా?"

"ఎక్కడ చేస్తారు? టవరుకీ, దాని పక్క గదికీ నేను సీలు వేశాను కదా. నేరం జరిగిన చోటు. అయినా పరీక్షెందుకు? లైను తెర మీద నిక్షేపంగా కనిపిస్తోంది. నేను కంటితో చూసినదే నమ్ముతాను."

మొన్న కూడా ఆ లైను కంటికి నిక్షేపంగానే కనిపించింది. ఫైలు మొన్న పదీ పదకొండు తర్వాత మారలేదు. అంటే ఆసుపత్రికి వెళ్తున్నది, మనిషిని పడేసిన ఫైలే.

పదీ యాభై ఎనిమిది.

ప్రోగ్రామరు బల్ల ఐదో అంతస్తు మూలగదిలో ఉంది. బల్ల మీద ఎడమచేతి వాటం మౌసు, మూత కొరికిన పెన్నులు మూడు, పాప గీసిన ఏనుగు బొమ్మ. డిటెక్టివ్ కుర్చీలో కూర్చుని తెర మీద వేలు పెట్టింది. ఇన్‌స్పెక్టరు వెనకాలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తెర మీద రెండు రంగులు. మనుషుల కోసం రాసుకునే కామెంట్లు బూడిద రంగు. యంత్రం చదివి పాటించే ఆజ్ఞలు నీలం. ఈ రంగులు పులిమేది, ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌లోని ఒక చిన్న భాగం. దాన్ని మోడ్ అంటారు. ఏది కామెంటో, ఏది ఆజ్ఞో దానికి తెలుసు. ప్రోగ్రామర్లు రోజంతా నమ్ముకునేది ఆ రంగుల్నే.

రెండువందల పద్నాలుగు. నీలం. ముందు గీతల్లేవు. వెనక గీతల్లేవు.

వేలు ఒక లైను పైకి జరిగింది. రెండువందల పదమూడు. అదొక కామెంటు, బూడిద రంగు. తలుపు తనిఖీ పాత వివరాలు ఏ ఫోల్డర్లో ఉన్నాయో రాసి ఉంది. ఫోల్డరు పేరు చివర ఎడమకి వాలిన గీత ఒకటి. బ్యాక్‌స్లాష్.

"ఈ వాలుగీత నువ్వు పెట్టావా?"

ప్రోగ్రామరు వంగి చూసింది. "లేదండీ. పేరు రాసింది నేనే. గీత పెట్టలేదు."

ఫోల్డరు పేరు చివర అలాంటి గీత ఉండటం మామూలే. ఎవరి కన్నూ అక్కడ ఆగదు. కానీ ఈ ప్రోగ్రాము రాసిన భాషలో లైను చివర వాలుగీత ఉంటే, 'ఈ లైను ఇంకా అవలేదు, కింది లైను కూడా ఇందులో భాగమే' అని యంత్రం అర్థం చేసుకుంటుంది. కామెంటు చివర పెడితే? కింది లైను కూడా కామెంటే అయిపోతుంది. తలుపు తనిఖీ కామెంటులో కలిసి చచ్చిపోతుంది.

"మరైతే అది కూడా బూడిద రంగులో ఉండాలి కదా మేడమ్?" అంది ప్రోగ్రామరు. "మోడ్‌కి ఆ నియమం తెలుసు. నాకు బాగా గుర్తు."

"చూద్దాం."

డిటెక్టివ్ ఖాళీ ఫైలు తెరిచి ఒక కామెంటు కొట్టి, చివర వాలుగీత పెట్టి, కింద ఒక ఆజ్ఞ రాసింది. ఆజ్ఞ వెంటనే బూడిద రంగులోకి మారిపోయింది. నియమం తెలుసు. మరి ఇక్కడెందుకు నీలంగా ఉంది?

పాత ఫైలుకి తిరిగొచ్చి కామెంటు మీద నిలబడి 'ఎండ్' నొక్కింది. కర్సరు ఎగిరి లైను చివరకి వెళ్లింది. వాలుగీతకి ఆనుకుని ఆగాలి. ఆగలేదు. ఒక్క అడుగు అవతల నిలబడి మిణుకుమిణుకుమంటోంది.

డిటెక్టివ్ వేలు అక్కడే ఆగింది. "ఖాళీ! గీత తర్వాత ఒక ఖాళీ ఉంది!"

కంటికి కనిపించని ఒక్క ఖాళీ. ఆమె గబగబా కొత్త ఫైల్లో వాలుగీత తర్వాత స్పేసు కొట్టింది. బూడిద రంగు లైను టక్కున నీలమైపోయింది.

"దొరికింది!" ఆమె కుర్చీలోంచి లేచింది. "ఖాళీ ఉంటే మోడ్ మోసపోతోంది. యంత్రం మోసపోదు. మనిషికి బతికున్న లైను కనిపిస్తుంది, యంత్రానికి చచ్చిన లైను కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు గారూ, ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి!"

ఇన్‌స్పెక్టరు కదల్లేదు. పైగా నవ్వాడు.

"నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా మేడమ్? ఖాళీ తీస్తే లైను చచ్చింది, పెడితే బతికింది. మీరే చూపించారు. ఇక్కడ ఖాళీ ఉంది. అంటే లైను బతికే ఉంది. మీ సాక్షి మీకే ఎదురు తిరిగాడు కదా!"

ఆయన అన్నదాంట్లో తర్కం ఉంది. ఎడిటరు తప్పు చెప్తోందని ఎడిటర్‌తోనే ఎలా నిరూపించడం? యంత్రం ఏమంటుందో అడుగుదామంటే ఆ యంత్రం సీలు వేసిన గదిలో ఉంది.

"సీలు తియ్యండి."

"పోలీసులొచ్చాకే."

"మోడ్ తప్పని దాన్ని రాసినవాడే వచ్చి చెప్తే?"

"అప్పుడు చూద్దాం. ఎవరాయన? ఏ దేశంలో ఉన్నాడు?"

"రెండు వీధుల అవతల పుస్తకాలకి బైండింగు చేసుకుంటున్నాడు," అంది ఆమె ఫోను తీస్తూ. "మా అన్నయ్య."

"అద్గదీ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఫోను వదిన ఎత్తింది. "చేతులకి జిగురుందమ్మా ఆయనకి. ఏమైంది?"

"వదినా, చేతులు తుడుచుకోవద్దను. స్కూటరు మీద కూర్చోబెట్టి పంపించు. మనుషుల ప్రాణాలు పోయేలా ఉన్నాయి."

పదకొండూ ఇరవై ఆరుకి అన్నయ్య రొప్పుతూ గదిలోకొచ్చాడు. లిఫ్టు ఎక్కడు. ఎందుకని అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు. ఐదంతస్తులూ మెట్లెక్కొచ్చాడు. పగలంతా అట్టలు అతికించి, తీరిక చిక్కినప్పుడు ఆ మోడ్‌ను సవరిస్తూ పదకొండేళ్లుగా ఊరందరికీ ఉచితంగా ఇస్తున్నాడు. దానికి వంక పెడితే సొంత పిల్లకి వంక పెట్టినంత కోపం.

"నా మోడ్‌లో తప్పా? ఎవరే అన్నది బుజ్జీ?"

బుజ్జీ అన్న మాటకి ఇన్‌స్పెక్టరు మీసాల కింద నవ్వు దాచుకున్నాడు. డిటెక్టివ్ పట్టించుకోలేదు. "అన్నయ్యా, నామీద తర్వాత అరుద్దువుగాని. ఇది చూడు."

చూశాడు. ఖాళీ పెట్టి చూశాడు, తీసి చూశాడు. ఆ భాష నియమాల పుస్తకం తెర మీద తెరిచాడు. డిటెక్టివ్ వేలు, అన్నయ్య జిగురు వేలు కలిసి ఒకే పేరా కింద నడిచాయి. 'వాలుగీత తర్వాత లైను చివరి దాకా ఖాళీలే ఉంటే, అవి లేనట్టే లెక్క.'

అన్నయ్య ఆ పేరా రెండోసారి చదివాడు.

"నేను ఆఖరి అక్షరం ఒక్కటే చూశాను," అన్నాడు చివరికి. "ఆఖరి అక్షరం గీత కాకపోతే కామెంటు అయిపోయిందనుకున్నాను. తప్పు నాదే. యంత్రం చెప్పేదే నిజం. ఈ లైను చచ్చింది."

"విన్నారా?" అంది డిటెక్టివ్.

"అన్నయ్య చెల్లెలి మాటకి తలూపాడు. అది విన్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ గొంతులో మునుపటి బింకం లేదు. చూపు నియమాల పుస్తకం మీదే ఉంది. "సరిచేసి చూపించమనండి. ఒక్క ఈ లైనే మారాలి. అప్పుడు నమ్ముతాను."

పదకొండూ ముప్ఫై ఒకటి.

అన్నయ్య కుర్చీలోకి దూకినట్టు కూర్చున్నాడు. మోడ్ తాలూకు ఫైలు తెరిచాడు. "లైను చివరి నుంచి ఖాళీలన్నీ దాటుకుంటూ వెనక్కి నడువు. అప్పుడు తగిలిన అక్షరం వాలుగీతేనా చూడు. అంతే కదా." ఒక్క వరుస కొట్టాడు. మోడ్‌ను మళ్లీ ఎక్కించాడు.

తెరంతా బూడిదైపోయింది.

కామెంటు దగ్గర్నుంచి ఫైలు చివరి దాకా ఒక్క నీలం అక్షరం మిగల్లేదు. ప్రోగ్రామరు "అమ్మో!" అని నోరు మూసుకుంది. ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "శుభం! లిఫ్టు మొత్తం చచ్చిపోయింది!"

"అన్నయ్యా..."

"కంగారు పెట్టకే!" డిటెక్టివ్ వేలు అతను కొట్టిన వరుస కింద మెల్లగా నడిచింది. ఒక మాట దగ్గర ఆగింది.

"ఖాళీలన్నీ దాటమన్నావు. లైను ముగిసే చోటు కూడా దీనికి ఖాళీ కిందే లెక్కా?"

అన్నయ్య నుదురు కొట్టుకున్నాడు. "అవునే! ఖాళీలు దాటుకుంటూ పై లైన్లోకి కూడా వెళ్లిపోతోంది. కింద ప్రతి లైనుకీ పైనున్న ఆ గీతే తగులుతోంది. ఈ లైను గడప దాటకూడదని చెప్పాలి."

రెండే రెండు మాటలు చేర్చాడు. మళ్లీ ఎక్కించాడు.

నీలం తిరిగొచ్చింది, పై నుంచి కింద దాకా. మధ్యలో ఒక్క లైను మాత్రం బూడిద రంగులో ఉండిపోయింది.

రెండువందల పద్నాలుగు.

ప్రోగ్రామరు ఏడ్చేసింది. "నీలంగానే చూశాను మేడమ్. నేను అబద్ధం చెప్పలేదు."

"తెలుసమ్మా. అబద్ధం చెప్పింది రంగు."

ఇన్‌స్పెక్టరు తెరకి దగ్గరగా వంగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయన ఎంత మొండివాడైనా కన్ను చెప్పింది కాదనే రకం కాదు. మరుక్షణం ఫోను ఆయన చెవి దగ్గరుంది.

"మేనేజరు ఎత్తట్లేదు... ఉండండి. ఆసుపత్రి గేటు దగ్గర నా పాత కానిస్టేబులు ఉన్నాడు." గొంతు గది అదిరేలా లేచింది. "ఒరే, నేన్రా! కొత్త లిఫ్టులు ఆరింటికీ మెయిన్ స్విచ్చులు దించెయ్. ఎవరడిగినా నా పేరు చెప్పు. పరిగెత్తు!"

పదకొండూ నలభై. నలభై రెండు. నలభై నాలుగు. ఫోనులోంచి బూట్ల చప్పుడు, ఎవరిదో కేక, మళ్లీ రొప్పు. తర్వాత మాట వినిపించింది.

"దించేశానండీ. రెండింటిలో అప్పటికే ఎక్కించేశారంట. ఒకదాంట్లోకి స్ట్రెచరు తోస్తుంటే లైట్లారిపోయాయి. పేషెంటు బయటే ఉన్నాడు. ఎవరికీ ఏం కాలేదు."

ఇన్‌స్పెక్టరు ఫోను జేబులో పెట్టాడు. గ్లాసులో నీళ్లు పోసి ప్రోగ్రామరు చేతికిచ్చాడు. ఆయన క్షమాపణ అడగడం ఈ ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఆ నీళ్లే క్షమాపణ అనుకోవాలి.

"వాలుగీత, ఖాళీ. రెండు అక్షరాలు," అన్నాడు డిటెక్టివ్ వైపు తిరిగి. "చేతి పొరపాటు కాదంటారా?"

"గీత పొరపాటున పడొచ్చు. దాని వెనకే ఖాళీ, అదీ ఈ అమ్మాయి మీటింగులో ఉన్న ఇరవై నిమిషాల్లో, సరిగ్గా ఆ లైను పైన? ఖాళీ పెడితే రంగు మారదని ముందే తెలిసినవాడు చేసిన పని. పదకొండేళ్లలో మోడ్ రాసినవాడికే తెలియని లోపం. అదెవరికి తెలుస్తుంది?"

అప్పటిదాకా గొణుక్కుంటూ తెర మీద మోడ్ గురించి వచ్చిన పాత ఉత్తరాలు తిరగేస్తున్న అన్నయ్య తల ఎత్తలేదు. గొంతు మాత్రం చిన్నబోయింది.

"బుజ్జీ, ఇలా రా. నాకు తెలియాల్సింది. పంతొమ్మిది రోజుల కిందట ఒకతను రాశాడు. పెళ్లికార్డుల అట్టల పనిలో పడి, 'చూస్తాను, కృతజ్ఞతలు' అని ఒక ముక్క రాసి మర్చిపోయాను. పూర్తిగా చదవను కూడా లేదు."

డిటెక్టివ్ వేలు ఉత్తరం మీద నడిచింది. ఆమె పైకి చదువుతోంది.

"'అయ్యా, వాలుగీత తర్వాత ఖాళీ ఉంటే మీ మోడ్ రంగు తప్పు వేస్తోంది. నేను ప్రోగ్రామరును కాను. లిఫ్టులు పరీక్షించే మెకానిక్కును. సొంతంగా నేర్చుకుంటున్నాను. బరువు ఎక్కువైతే మోగాల్సిన గంట మోగకపోతే వెతికి వెతికి పట్టుకున్నాను...'"

"మా మెకానిక్కా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"'...ఆ గంట లైను రెండేళ్ల కిందట మా మేనేజరు గారు రాసినది. అదే ప్రోగ్రాముతో అప్పటికే లిఫ్టులు చాలా ఊళ్లకి వెళ్లిపోయాయి. ఆయనకి చూపించాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఈ నెలాఖరులోగా సరిచేయకపోతే నేనే యజమానురాలి దగ్గరికి వెళ్తాను. మీ జవాబు కూడా చూపిస్తాను.'"

నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంది.

"పదీ ఐదుకి మీటింగు పిలిచింది ఆయనే," అంది ప్రోగ్రామరు మెల్లగా. "పావుకి వచ్చిందీ ఆయనే. ఆ రోజు టవర్లో పరీక్షకి మెకానిక్కును పంపించిందీ ఆయనే."

"గీత చెరిపితే ఫైలు మారిన టైము పట్టిస్తుందని అలాగే ఆసుపత్రికి పట్టుకెళ్లాడు. మెకానిక్కు ఏ ఆసుపత్రిలో ఉన్నాడు?" డిటెక్టివ్ అప్పటికే గుమ్మం దగ్గరుంది.

ఇన్‌స్పెక్టరు ఫోను బయటికి తీశాడు. "అక్కడే. నాలుగో అంతస్తు." వార్డుకి ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు. రెండుసార్లు మోగాక నర్సు పలికింది.

"తొడ ఎముక విరిగినాయనేనాండీ? బాగానే ఉన్నారు. లిఫ్టులు ఆగిపోయినా వాళ్ల మేనేజరు గారు పాపం మెట్లెక్కి మరీ చూడ్డానికొచ్చారు. ఏకాంతంగా మాట్లాడాలన్నారని నన్ను బయటికి పంపించి, ఇప్పుడే లోపల గడియ పెట్టుకున్నారు."